ఒంటికాలి కొంగ

ఆదివారం పొద్దున పది గంటలకు గ్రంథాలయం మేడమీది గదిలో చేరే ఆ ఆరేడుగురికి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా జేబులోంచి కాగితపు పొట్లం తీసి, ఇందులో ఉన్న నాణెం అమ్ముదామనుకుంటున్నాను అంటే, ఎంతకి అని ఎవరూ అడగరు. ముందు అడిగేది, "ఎన్నేళ్ళుంచారు?" అని. కొత్తగా పరిచయమైనవాళ్ళని పిల్లలెందరని అడిగినంత మామూలుగా అడుగుతారు. ఆ జవాబు వచ్చాకే భూతద్దాలు బయటికి వస్తాయి.

ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మందుల షాపాయన ఏదీ మూడు నెలలు దాటనివ్వడు. "సరుకన్నాక తేదీ దాటకుండా చూసుకోవాలి కదండీ," అంటాడు. బోర్డులు రాసే పెయింటరు, నాణేనికి రెండువైపులా ఉన్న బొమ్మల్ని పెన్సిలుతో కాగితం మీదికి దించేదాకా ఉంచుకుంటాడు. గీయడం అయిపోయిందంటే ఇక దాని మొహం చూడడు. కొన్ని వారంలో వెళ్ళిపోయేవి. ఒకదాని మీది గుర్రపు జూలు కుదరక రెండేళ్ళు దానితోనే కాపరం చేశాడు. టైలరమ్మది పన్నెండేళ్ళ నియమం. ఒకరోజు తక్కువ కాదు, ఒకరోజు ఎక్కువ కాదు. ఎందుకమ్మా అంటే, "నా మొదటి మిషను కొన్నప్పుడు పన్నెండేళ్ళు గ్యారంటీ రాసిచ్చారు. ఇనప మిషనుకే అంత మర్యాద ఉంటే, రాజుల బొమ్మలున్నవాటికి ఉండొద్దూ?" అంటుంది.

ఇక కిటికీ పక్క కుర్చీలో కూర్చునే తూకాల మేస్త్రీని ఆ ప్రశ్న అడగడం ఎప్పుడో మానేశారు. ఆయన అమ్మడు. నలభై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి అమ్మలేదు. అందుకే చాటుగా, ఆ మాటకొస్తే ఎదురుగానే, ఆయన్ని జిగురు మేస్త్రీ అంటారు. ఆయన కోప్పడడు. "తూకం కుదిరాక పళ్ళెంలోంచి ఎవరు తీస్తారయ్యా," అని నవ్వేస్తాడు.

అమ్మలేదన్నది నిజమే. కానీ ఒకటి మార్చాడు. ఆ మార్చింది మందుల షాపాయనతో. చేతులు మారడం ఆయనకి రోజూ ఉండేదే కాబట్టి ఆయన మర్చిపోయాడు. మేస్త్రీ మర్చిపోలేదు. ముఖ్యంగా గత రెండేళ్ళుగా, ఆ మేడమెట్లు ఎక్కేటప్పుడల్లా గుర్తొస్తూనే ఉంది.

మేస్త్రీ దుకాణం ఎనిమిదడుగుల వెడల్పు ఉంటుంది. పైన దూలానికి త్రాసులు వరసగా వేలాడుతుంటాయి, వీధిలో బస్సు పోతే అన్నీ కలిసి తలలూపుతాయి. కింద బల్ల మీద ఇత్తడి తూకపు గుళ్ళు, ఇనప గుళ్ళు, స్ప్రింగు కాటాలు, ఇప్పుడు ఎక్కువగా వచ్చే కరెంటు కాటాలు. అరిగిన గుండు అడుగున ఉన్న గుంటలో సీసం కరిగించి పోసి బరువు సరిచేయడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఊపిరి బిగబట్టి ముల్లు వైపు చూడటం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. త్రాసు ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే ఈనాటికీ చెయ్యి ఎత్తి ఆపుతాడు, మాట గాలికి కూడా ముల్లు కదులుతుందని.

నాణేల పిచ్చి పట్టించింది కూడా త్రాసే. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక కిరాణా కొట్టు త్రాసు బాగుచేయడానికి వెళ్ళాడు. ఒక పళ్ళెం తేలికైతే దాని అడుగున చిన్న బరువేదైనా అంటించి రెండూ సమానం చేస్తారు, దాన్ని పాసంగం అంటారు. మామూలుగా సీసం ముక్కో, ఇనప బిళ్ళో ఉంటుంది. ఆరోజు నల్లటి మైనం గీకితే కింద ఒక మొహం బయటపడింది. కిరీటం, కోటేరు ముక్కు, గడ్డం.

"ఇదేంటండీ, మీ పళ్ళెం కింద రాజుగారు కూర్చున్నారు?" అన్నాడు.

"మా తాత కూర్చోబెట్టి ఉంటాడు," అన్నాడు కొట్టు యజమాని, బెల్లం కొడుతూ. "తూకం పోకుండా చూసి, ఆయన్ని నువ్వే తీసుకెళ్ళు."

రాజుగారి చోట సీసం పెట్టి, రాజుగారిని జేబులో వేసుకున్నాడు. మర్నాడు పోస్టాఫీసులో పార్సిళ్ళ త్రాసు చూడాల్సి ఉంది. అక్కడ కౌంటరు వెనక ఉండే పోస్టుమాస్టరుగారు అప్పటికి నలభై లోపు మనిషి. మేస్త్రీ చేతిలో నాణెం చూసి, స్టాంపులు చూసే భూతద్దం తీసి, క్యూలో నిలబడ్డ జనాన్ని అలాగే వదిలేసి పావుగంట చూశారు. అది ఎప్పటిదో, ఎందుకలా ఒకవైపు పల్చగా ఉందో చెప్పారు. అంచులు పట్టుకోవాలనీ, మొహం మీద వేలు పెట్టకూడదనీ, ఎంత నల్లబడ్డా తోమకూడదనీ నేర్పారు. ఆ రోజునించి ఆయన మేస్త్రీకి గురువుగారు.

అంత చాదస్తమైన గురువుగారు ఒక నాణెం విషయంలో మాత్రం తను చెప్పినవేవీ పాటించేవారు కాదు. ఆయన కుడి జేబులో ఎప్పుడూ ఒక రాగి నాణెం ఉండేది. నీళ్ళలో నిలబడ్డ కొంగ బొమ్మ దాని మీద. కౌంటరు దగ్గర ఎవరైనా విసిగిస్తున్నప్పుడు ఆయన మొహం చెక్కు చెదరదు, జేబులో బొటనవేలు మాత్రం ఆ కొంగ మీద తిరుగుతుండేది. ఇరవయ్యేళ్ళలో కొంగ ఎడమకాలు పూర్తిగా అరిగిపోయింది.

"ఇదేం న్యాయం గురువుగారూ? మమ్మల్ని ముట్టుకోవద్దంటారు," అని మేస్త్రీ ఒకసారి అడిగాడు.

"ఇది నాణెం కాదోయ్. నేను పెట్టకుండా ఆపుకున్న సెలవు చీటీలన్నీ కలిపి ఇదే," అన్నారాయన.

ఇరవై ఏడేళ్ళ కిందట ఆయనకి సముద్రం ఒడ్డున ఒక పోస్టాఫీసుకి బదిలీ అయింది. ఉప్పుగాలికి రాగి పచ్చబడిపోతుందని తన నాణేలన్నీ గదిలోని స్నేహితులకి పంచేశారు. కొంగని మేస్త్రీ చేతిలో పెట్టి, "ఇది ఇచ్చినట్టు కాదు, ఉంచమని. ఎన్నాళ్ళంటావా, నేను అడిగేదాకా," అన్నారు.

మేస్త్రీ ఇంట్లో టేకు చెక్కతో చేసిన పళ్ళేలున్నాయి. వాటిలో ఒక్కో రకం నాణేనికి సరిగ్గా సరిపోయే గుండ్రటి గుంట తనే తొలిచాడు. ఒక గుంటకి ఒక నాణెమే, అదీ ఆయన పద్ధతి. కొంగ గుంటలో ఒంటికాలి కొంగ పదిహేనేళ్ళు కూర్చుంది. తర్వాత ఒకరోజు మందుల షాపాయన అదే ఏడాది ముద్రించిన కొంగని పట్టుకొచ్చాడు. నిన్ననే టంకశాలలోంచి నడిచొచ్చినట్టుంది. ఈకలు ఈకలుగా కనబడుతున్నాయి. నీటి మీది అలలు కూడా తెలుస్తున్నాయి. రెండు కాళ్ళూ సూదుల్లా ఉన్నాయి.

నాణేలు పోగుచేసేవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన ఒకటి మేస్త్రీకి వచ్చింది. గురువుగారు వచ్చి అడిగితే అరిగిపోయినది చేతిలో పెట్టడమా? దానికి బదులు ఇది పెడితే ఆయన మొహం ఎలా వెలుగుతుంది? అద్దెకున్న ఇంటికి సున్నం వేయించి తాళాలు ఇచ్చినట్టుంటుంది కదా. గుంట చూస్తే ఒకటే. పాతదాన్నీ, దాని మీద గుంటలకి ఎక్కని ఇంకో నాలుగు చిల్లర రకాలనీ ఇచ్చి, కొత్త కొంగని తెచ్చుకుని, ఆ రోజంతా చంకలు గుద్దుకున్నాడు.

గురువుగారు రిటైరయ్యాక కూడా చాలా ఏళ్ళు ఆ సముద్రం ఒడ్డునే ఉండిపోయి, రెండేళ్ళ కిందట కూతురి దగ్గరికి ఈ ఊరు వచ్చేశారు. మొదటి ఆదివారం ఆయన గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కొంగ మాట ఎత్తలేదు. మేస్త్రీ కూడా ఎత్తలేదు. ఆయన ఎదురుగా కూర్చున్నాక, ఆ జేబు చూశాక, తను చేసిన పని సున్నం వేయించడం కాదేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. వచ్చేవారం చెబుదాం అనుకున్నాడు. ఆ వచ్చేవారం రెండేళ్ళయినా రాలేదు.

ఈ మధ్య గురువుగారికి ఒకవైపు కాస్త పక్షవాతం తగిలి తగ్గింది. నడక వచ్చింది, మాట ఎప్పటిలాగే ఉంది, కుడిచెయ్యి మాత్రం మొద్దుబారింది. రెండు నెలల తర్వాత ఆయన కర్ర ఊతంతో మేడెక్కి వచ్చిన ఆదివారం, టీ తాగుతూ, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు అడిగారు.

"ఏమోయ్ మేస్త్రీ, మా కొంగ కులాసానా?"

మేస్త్రీ నోటిదాకా తెచ్చిన కప్పు దించాడు. "కులాసానే గురువుగారూ."

"వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. దాన్ని పిసుకుతూ కూచుంటే నా మీద నాకే జాలేస్తోంది. వేలికి బాగా అలవాటైన వస్తువేదైనా ఇచ్చి చూడండి, తొందరగా దారికొస్తుంది అందా పిల్ల. అప్పుడు గుర్తొచ్చింది. నేను మర్చిపోయినా ఈ బొటనవేలు దాన్ని మర్చిపోదు కదా. వచ్చేవారం తెస్తావా?"

"తెస్తాను."

"ఎన్నేళ్ళుంచారు అన్నయ్యా?" అంది టైలరమ్మ, అలవాటు కొద్దీ.

మేస్త్రీ నోరు తెరిచేలోపే గురువుగారు అందుకున్నారు. "ఇరవై ఏడేళ్ళమ్మా. జిగురు మేస్త్రీ కాబట్టి ఉంది. ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఈపాటికి ఎన్ని ఊళ్ళు తిరిగేదో."

అందరూ నవ్వారు. మేస్త్రీ కప్పులో టీ అడుగంటిందో లేదో చూస్తున్నట్టు కప్పులోకి తొంగి చూశాడు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆమె మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అంతా విని, ఒక దిండు గలీబు దులిపి, "రెండేళ్ళుగా ఆదివారం వస్తే మీ మొహం పరీక్షకెళ్ళే పిల్లాడిలా ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది," అంది.

"ఏం చెయ్యమంటావు?"

"చెయ్యడానికేముంది. ఉన్న కొంగనే గరుకు కాగితం పెట్టి ఒక కాలు రుద్దేసి ఇచ్చేయండి."

మేస్త్రీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఊరికే అన్నాను లెండి. మీ మొహం ఎలా మారుతుందో చూద్దామని. నన్ను ముప్పై ఏడేళ్ళు ఉంచుకున్నారు, నా కాలు నొప్పంటే ఒక్కనాడూ ఇంత కంగారు పడలేదు. ముందు అది ఎక్కడుందో వెతకండి. మీలాంటివాళ్ళ దగ్గరే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? పారేసేవాళ్ళెవరూ లేరుగా మీలో."

ఆయన పాత నోటుబుక్కు తీశాడు. ప్రతి నాణెం బరువూ మిల్లీగ్రాముతో సహా రాసుకోవడం వృత్తి వల్ల వచ్చిన అలవాటు. కొత్త కొంగ ఎనిమిది గ్రాముల రెండువందల మిల్లీగ్రాములు. పాతది ఏడు గ్రాముల తొమ్మిదివందల పది. ఆ రెండువందల తొంభై మిల్లీగ్రాములూ గురువుగారి వేలు తినేసినది. ఆ అంకె ముందు చాలాసేపు కూర్చున్నాడు. తను దాన్ని నష్టం కింద చూశాడు ఇన్నాళ్ళూ.

సోమవారం మందుల షాపుకి వెళ్ళాడు. ఆయన తల గోక్కుని, "పదకొండేళ్ళ కిందటి మాట నాకేం గుర్తండీ. రెండు నెలల్లో తోసేసి ఉంటాను. ఒంటికాలు అంటున్నారు కాబట్టి పెయింటరుకే ఇచ్చుంటాను, ఆయనకి అవకరాలంటే ఇష్టం," అన్నాడు.

పెయింటరు మంగళవారం ఒక చెప్పుల కొట్టు బోర్డు మీద పెద్ద బూటు గీస్తున్నాడు. నిచ్చెన దిగి, సంచీలోంచి కాదు, ఇంట్లోంచి ఒక అట్టల కట్ట తెప్పించి, దుమ్ము దులిపి, కాగితం ఒకటి తీశాడు. పళ్ళెమంత కొంగ. ఒక కాలు నీళ్ళలో ఉంది. రెండో కాలు ఉండాల్సిన చోట తెల్లగా ఉంది.

"ఆ రెండోది గీసెయ్యాలని చెయ్యి ఎంత లాగిందో," అన్నాడు పెయింటరు. "కానీ లేనిది ఎలా గీస్తాం? నెల పట్టింది ఆ ఖాళీ కుదరడానికి. తర్వాత టైలరమ్మ తీసుకుంది."

బుధవారం మధ్యాహ్నం టైలరమ్మ దుకాణం ముందు నిలబడేసరికి మేస్త్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం ఆయనకి నాలుగు కుర్చీల అవతల కూర్చున్న మనిషి. ఎన్నేళ్ళుంచారు అని తననే అడిగిన మనిషి.

ఆమె మెళ్ళో టేపు వేసుకుని ఒక కోటు చేతిని తిరగేసి కుడుతోంది. ఆయన చెప్పింది విని మిషను ఆపింది. గోడ బీరువాలోంచి బాబిన్లు పెట్టుకునే రేకు డబ్బా తీసి, దారపు ఉండలు పక్కకి నెట్టి, చిన్న గుడ్డసంచీ ఒకటి బయటికి తీసింది. ఒక్కో నాణేనికీ ఒక్కో సంచీ, మిగిలిన పట్టుముక్కలతో కుట్టినవి. దీనిది నీలం. మూతికి కట్టిన చీటీ మీద తేదీ.

"ఇదే," అన్నాడు మేస్త్రీ, చూడగానే. నున్నగా అరిగిన చోటు ముందే తెలిసిపోయింది.

"పదకొండేళ్ళ నాలుగు నెలలైంది," అంది ఆమె చీటీ చూసి. "ఇంకా ఎనిమిది నెలలుంది అన్నయ్యా."

"చెల్లెమ్మా, ఇది తీసుకో." ఆయన జేబులోంచి కొత్త కొంగని తీసి అంచులు పట్టుకుని చూపించాడు. "దానికీ దీనికీ పోలికే లేదు. నువ్వే లాభపడతావు."

"బావుంది. చాలా బావుంది. కానీ ఎనిమిది నెలలుంది."

"ఒక్కసారికి తప్పితే ఏమవుతుంది?"

"ఒక్కసారి తప్పితే అది నియమం కాదు, నా ముచ్చట అవుతుంది. కోటు గుండీ ఒక్కటే కదా అని వదిలేస్తే తొడుక్కునేవాడు ఊరుకుంటాడా?"

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె కాసేపు ఆయన్ని చూసింది. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆలోచించింది.

"అమ్మనంటున్నానే గానీ, ఎరువివ్వనన్నానా? గురువుగారి దగ్గర ఉండనివ్వండి, పని అయ్యాక తిరిగి ఇస్తారు. కానీ ఒక మాట. ఇది నాదని ఆయనకి తెలియాలి."

"అదెందుకమ్మా? మనిద్దరి మధ్యే ఉంచితే..."

"ఎనిమిది నెలల తర్వాత నేనెళ్ళి నా నాణెం ఇవ్వండి అంటే, ఆ పెద్దాయన నన్నేమనుకుంటారు? మిమ్మల్నేమనుకుంటారు? చెప్పి ఇవ్వండి. చెప్పలేకపోతే తీసుకెళ్ళకండి."

నీలం సంచీ జేబులో పెట్టుకుని వచ్చాడు గానీ ఆ మిగతా మూడు రోజులూ దుకాణంలో ఏ త్రాసూ కుదరలేదు. ముల్లు మధ్యలో నిలబడ్డట్టే నిలబడి పక్కకి జారిపోయేది. ఊపిరి బిగబట్టడం చేతకావడం లేదని చివరికి తెలిసింది. లోపల మాటలు కూర్చుకుంటున్నాడు. గురువుగారూ, మీరేమీ అనుకోకపోతే. కాదు. గురువుగారూ, అప్పట్లో ఒక మంచి అవకాశం వచ్చి. అదీ కాదు. శనివారం సాయంత్రం ఒక పళ్ళెంలో నీలం సంచీని పెట్టి, రెండోదాంట్లో ఏమీ పెట్టకుండా అలా చూస్తూ కూర్చుంటే, భార్య వచ్చి షట్టరు దించింది.

ఆదివారం గదిలో అందరూ ఉన్నారు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద గురువుగారు కుడిచెయ్యి చాపి, రావాల్సిన పార్సిలు కోసం చూస్తున్నట్టు చూస్తున్నారు. మేస్త్రీ రెండు నాణేలూ గుడ్డ మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇదీ మీరు నాకిచ్చింది. పదిహేనేళ్ళు ఉంచాను. తర్వాత ఈ కొత్తదాని కోసం దాన్ని ఇచ్చేశాను. మీకు మంచిది ఇవ్వచ్చనుకున్నాను. అడక్కుండా చేశాను. మీరొచ్చి రెండేళ్ళైనా చెప్పలేదు. ఇప్పుడా పాతది టైలరమ్మది. మీకు ఎరువిచ్చింది."

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ వాడలేదు. మందుల షాపాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

గురువుగారు రెండు నాణేల్నీ మార్చి మార్చి చూశారు. ఆయన మొహం కౌంటరు వెనక ఉన్నప్పటి మొహంలా ఉంది. "ఇరవై ఏడేళ్ళని పోయినవారం నేను గొప్పలు చెబుతుంటే విన్నావన్నమాట," అన్నారు.

"విన్నాను."

"టీ కప్పులోకి చూశావు. చక్కెర తక్కువైందేమో అనుకున్నాను."

ఆ తర్వాత పాత కొంగని ఎడమచేత్తో తీసి కుడి అరచేతిలో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు నెమ్మదిగా, దారి మర్చిపోయిన మనిషిలా, దాని మీద కదిలింది. మేస్త్రీ ఊపిరి బిగబట్టాడు. ఈసారి బాగా చేతనైంది.

"ఏమీ లేదోయ్," అన్నారు గురువుగారు కళ్ళు తెరిచి. "నున్నటి రాయి పట్టుకున్నట్టుంది. నా వేలికి ఇది తెలియడం లేదు."

టైలరమ్మ కొంగు సర్దుకుంది. మేస్త్రీకి, తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనిపించింది. ఏం చేయాలో తోచక, ఆలోచించి కాదు, పాతదాన్ని పక్కకి తీసి, కొత్త కొంగని ఆ అరచేతిలో పెట్టాడు. బొమ్మ వైపు పైకి పెట్టి, ఆయన బొటనవేలిని తన వేళ్ళతో పట్టుకుని దాని మీదికి తెచ్చాడు.

"అంచులు, అంచులు," అని మందుల షాపాయన సగం లేచాడు.

బొటనవేలు ఒకసారి అటు వెళ్ళింది. ఆగింది. మళ్ళీ ఇటు వచ్చింది.

"ఉండు," అన్నారు గురువుగారు. "ఇక్కడేదో గీరుకుంటోంది. గీత. ఇంకోటి. రెండు గీతలు." ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. "కాళ్ళోయ్. కొంగ కాళ్ళు."

"రెండూనా?" అన్నాడు పెయింటరు.

"రెండూ. పక్కపక్కనే."

మందుల షాపాయన ఉండబట్టలేకపోయాడు. "మేస్త్రీగారూ, అలాంటి నాణెం ఊళ్ళో ఇంకోటి లేదు. నెల రోజులు జేబులో రుద్దితే ఎవరూ ముట్టుకోరు దాన్ని."

మేస్త్రీ ఆ వేలినే చూస్తున్నాడు. "రుద్దండి గురువుగారూ," అన్నాడు.

"దీన్ని ఎన్నేళ్ళుంచావు?"

"పదకొండేళ్ళ ఏడు నెలలు."

"చాలు, ఎక్కువే ఉంచావు," అని గురువుగారు దాన్ని కుడి జేబులో వేసుకున్నారు. పాతదాన్ని టైలరమ్మ వైపు జరిపారు. "నీ నాణెం నువ్వు తీసుకోమ్మా. ఎరువు మూడు నిమిషాల్లోనే తీరిపోయింది." మెట్లు దిగేటప్పుడు మాత్రం మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, "రెండేళ్ళు మాత్రం మరీ ఎక్కువోయ్. రెండో ఆదివారమే చెప్పి ఉంటే ఒక్కపూట కోపంతో పోయేది," అన్నారు.

ఇంట్లో టేకు పళ్ళెంలో కొంగ గుంట ఖాళీ అయింది. నలభై ఏళ్ళలో ఆ పళ్ళేలు ఖాళీ గుంటని ఎరగవు. మూడోరోజు మేస్త్రీ చూసేసరికి అందులో ఊడిపోయిన చొక్కా గుండీ ఒకటి కూర్చుని ఉంది.

"పన్ను ఊడిన నోరులా ఉంటే చూడలేకపోయాను," అంది భార్య. "మీ నీలం చొక్కాది. కుడదామంటే ఒకరోజూ గుర్తురాదు. అక్కడుంటే కనబడుతుందని."

ఆయన దాన్ని తీయలేదు. పైగా గుంటకి కాస్త చిన్నదైందని గమనించాడు.

ఎండలు పోయి వానలు వచ్చాయి, వానలు పోయాయి. గురువుగారికి కాలు బాగా సాగి, సాయంత్రాలు కూతురి ఇంటినుంచి మేస్త్రీ దుకాణం దాకా నడిచి రావడం అలవాటైంది. త్రాసుల కింద స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, వచ్చే పోయే జనాన్ని చూస్తుంటారు. మేస్త్రీ ముల్లు చూస్తున్నప్పుడు ఆయన మాట్లాడరు. అంత తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే పని కూడా తొందరగా తెమిలేది.

ఒక గురువారం టైలరమ్మ మేస్త్రీ దుకాణం మెట్లెక్కింది. ఆదివారం దాకా ఆగలేదు, పన్నెండేళ్ళు నిండింది ఆ రోజుకి. నీలం సంచీ బల్ల మీద పెట్టింది.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఎన్నేళ్ళుంచావమ్మా?"

"పన్నెండు. నేటికి."

ఆయన నాణెం తీసి గురువుగారి కుడి అరచేతిలో పెట్టాడు. ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు ఇప్పుడు తడబడలేదు. కౌంటరు వెనక తిరిగినట్టే ఒక చుట్టు తిరిగింది, ఒకచోట ఆగి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"దీనికి కాలొకటి లేదే," అన్నారు.

వీధిలో బస్సు పోయింది. పైన త్రాసులన్నీ తలలూపాయి.

"తెలిసిందా గురువుగారూ?"

"తెలియకేం. ఆ కాలు తిన్నది నేనేగా." కాసేపు అలాగే పట్టుకుని, మేస్త్రీ చేతికి ఇచ్చేశారు. "ఇది నీ గుంటలో పెట్టుకో. ఈసారి నేను అడగను. నా దానికి రెండు కాళ్ళున్నాయి, ఇంకా ఇరవయ్యేళ్ళ పనుంది నాకు." జేబులోంచి తన కొంగని తీసి కరెంటు కాటా పళ్ళెంలో వేశారు. "ఎంత తిన్నానో చూడు."

మేస్త్రీ చెయ్యెత్తి అందర్నీ ఆపి, అంకె నిలబడేదాకా చూశాడు. "పదకొండు మిల్లీగ్రాములు తగ్గింది."

"పర్లేదు," అన్నారు గురువుగారు. "చెయ్యి బాగానే పనిచేస్తోంది."

టైలరమ్మకి ఏమివ్వాలో తేలడానికి మాత్రం అరగంట పట్టింది. ఆమె మొదట అసలేమీ వద్దంది, తర్వాత మేస్త్రీ ఇస్తానన్నదానికి ఒప్పుకోలేదు, చివరికి తన దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలు తూచి అమ్మే కాటా జన్మంతా ఉచితంగా బాగుచేసే షరతు మీద నీలం సంచీతో సహా ఇచ్చింది. గ్యారంటీ ఎన్నేళ్ళని మేస్త్రీ అడిగితే, మీరు జిగురు కదా, మీకు గడువు లేదు అంది.

ఆ సాయంత్రం మేస్త్రీ ఇంటికొచ్చి పళ్ళెం తెరిచాడు. గుండీ తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుండగా, ఒంటికాలి కొంగని అంచులు పట్టుకుని కాదు, బొటనవేలితో నొక్కి గుంటలో పెట్టాడు.